మదుము తాళంచెవి ఎవరి దగ్గరుంది?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మొదటిసారి కొంచెం నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు. అదంతా చదివే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి మీరడిగింది నాలుగు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మీది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ వైపు ఊరు. వయసు 29. ఊరి చెరువు కింద పాణి పంచాయతీకి, అంటే నీటి సంఘానికి, మిమ్మల్ని అధ్యక్షుణ్ణి చేసి మూడు నెలలైంది. పెద్దవాళ్లు మాట వినరు, కుర్రాళ్లు మీటింగుకే రారు, పైన కొండ ఊరి సవరలు గెడ్డకి (కొండ వాగుకి) అడ్డంగా కట్ట వేసుకున్నారని ఇంకో గొడవ. ఉభాలు, అంటే వరి నాట్లు, దగ్గర పడుతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కృష్ణదేవరాయలు, కాకతీయులు, మన గజపతులు అంతంత రాజ్యాలు ఏలారు కదా, జనం చేత మాట ఎలా వినిపించుకున్నారు, ఆ కిటుకు ఏ పుస్తకంలో ఉంది అని అడిగారు.

నేను పర్లాకిమిడి పక్కన ఒక హైస్కూల్లో 31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. అందులో తొమ్మిదేళ్లు మా ఊరి చెరువు సంఘానికి కార్యదర్శిని కూడా. కాబట్టి పద్యాలూ చదివాను, తిట్లూ తిన్నాను.

సూటిగా చెప్పేస్తున్నా. మాట వినిపించుకునే కిటుకు కోసం ఆ పుస్తకాలు తెరిస్తే నిరాశ పడతారు. దండం గురించి, గూఢచారుల గురించి, శత్రువుని ఎలా దెబ్బ కొట్టాలన్నదాని గురించి బోలెడంత ఉంది, లేదనను. కానీ ఓ నాలుగు పుస్తకాలూ ఓ పది శాసనాలూ వరసపెట్టి చదివితే, రాజుగారికి రాత్రిళ్లు కంటిమీద కునుకు లేకుండా చేసిన భయం ఇంకోటి కనిపిస్తుంది. జనం వెళ్లిపోతారేమో అన్న భయం.

ఇప్పుడంటే సెంటు భూమి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతున్నారు గానీ ఐదారు వందల ఏళ్ల కిందట సంగతి వేరు. భూమికి కొదవ లేదు, దున్నే చేతులకే కొదవ. ఊరి పొలిమేర దాటితే అడవి. పన్ను మోయలేకపోయినా, అధికారి పీడించినా రైతు బండి కట్టుకుని పెళ్లాంబిడ్డలతో పక్క నాయకుడి సీమలోకి పోయేవాడు, అక్కడివాళ్లు రారమ్మని బీడు భూమి ఇచ్చి కొన్నేళ్లు పన్ను కూడా వదిలేసేవాళ్లు. ఓటు లేని కాలంలో జనం చేతిలో ఉన్నది అదొక్కటే. ఇది మనసులో పెట్టుకుని చదివితే పాత రాజనీతి సగం అర్థమైపోతుంది. గొప్ప గొప్ప ధర్మాల్లా వినబడే మాటలు చాలావాటి వెనక, వీడు పోతే నా పొలం ఎవడు దున్నుతాడు అన్న లెక్క ఉంటుంది. లెక్క కాబట్టే అవి ఇప్పటికీ పనికొస్తాయని నా అభిప్రాయం.

ముందు ఆముక్తమాల్యద. 1513 నుంచి రాయలు ప్రతాపరుద్ర గజపతి మీద దండెత్తి, ఉదయగిరి దుర్గం దగ్గర ఏడాదికి పైగా పడిగాపులు పడి పట్టుకుని, 1515లో కొండవీడు తీసుకుని, సింహాచలం దాకా వచ్చాడని మీకు తెలిసిందే. ఆ దండయాత్ర దారిలోనే శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం రాయమన్నాడని పీఠికలో ఆయనే చెప్పుకున్నాడు. (ఆ శ్రీకాకుళం మన పక్క శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లాలోది. ఏటా క్లాసులో ఒకడైనా లేచి 'మన పక్క జిల్లాయే కదండీ మాస్టారూ' అని సంబరపడేవాడు, వాడి మొహం వాడిపోకుండా కాదని చెప్పడానికి నానా తంటాలు పడేవాణ్ణి.) ఆ కావ్యం నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం కొడుక్కి అప్పగించి తాను అన్నీ వదిలి పోతూ రాజనీతి చెబుతాడు. గద్దె దిగిపోయేవాడి మాటలు కాబట్టి డాబు తక్కువ, లెక్క ఎక్కువ. ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి రెండు సైన్యానికి, ఒకటి దానధర్మాలకీ భోగానికీ, ఒకటి ఖజానాకి పెట్టమంటాడు. ఒకణ్ణి ఒక్కసారిగా పైకెత్తి తర్వాత కిందికి దించితే వాడు తన పాత స్థితి తలుచుకోడు, పగే పెట్టుకుంటాడు, అంచేత మెట్టు మెట్టుగా ఎక్కించమంటాడు. దేశం చిన్నదైతే చెరువులు తవ్వించి, కాలువలు తీయించి, పేద రైతుకి పన్ను సడలిస్తే ధర్మమూ పెరుగుతుంది, డబ్బూ పెరుగుతుంది అంటాడు. చెరువు అధ్యక్షులు కాబట్టి ఆ పద్యం మీకు నచ్చుతుంది. నన్ను పట్టుకుని ఇప్పటికీ వదలని పద్యం దాని దగ్గర్లోదే.

దాని భావం ఇది. జనం నలిగిపోయి ఊరొదిలి పోతుంటే, అయ్యో రండి అని వెనక్కి పిలవకుండా, 'పోతే పోనీ, వాళ్ల పశువులూ గింజలూ అమ్ముకోవచ్చు, ఇళ్లు పీకితే వంటచెరుకైనా అవుతుంది' అనుకునే అధికారి ఒకడుంటాడు. వాడు యుద్ధభూమిలో తిరిగే నక్క లాంటివాడు. అలాంటివాణ్ణి పెట్టుకున్న రాజు ఏడు దీవులూ ఏలినా బాగుపడడు.

నక్కకి యుద్ధం ఎవరు గెలిచారన్నది అక్కర్లేదు, పడినవాళ్లు ఎంతమంది అన్నదే దాని లెక్క. పాతికేళ్ల పాటు ఈ పద్యం పిల్లలకి చెప్పాను, ప్రశ్నకి ఐదు మార్కులు. మరి నా దగ్గరికి వచ్చేసరికి ఏమైందో చెబుతాను వినండి.

మా చెరువుకి నీళ్లు వదిలే మనిషి ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఏ మడి పల్లం, ఏ మడి మెరక, ఎక్కడ గట్టుకి ఎండ్రకాయ బొరియ ఉంది, శివారు పొలాలకి నీళ్లు చేరాలంటే మదుము (చెరువు తూము) ఎన్ని గంటలు ఎత్తి ఉంచాలి, అంతా ఆయనకి కంఠస్థం. కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఒక ఏడాది వసూళ్లు సరిగా రాక ఆయన జీతం నాలుగు నెలలు ఆపాం. ఆపాం అని ఊరికే అంటున్నాను, సంతకం పెట్టాల్సింది నేను, పెట్టలేదు, ఖాతాలో ఉన్న డబ్బు గట్టు మరమ్మతుకని అట్టే ఉంచాను. ఆయన ఒక్కరోజు కూడా గట్టిగా అడగలేదు. రెండుసార్లు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, వానల సంగతి మాట్లాడి వెళ్లిపోయాడు. ఆయన వానల గురించి మాట్లాడ్డానికి రాలేదని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. మూడోసారి తెల్లవారుజామున వచ్చినట్టున్నాడు, లేచి చూస్తే అరుగు మీద మదుము తాళంచెవి ఉంది, దాని తాడుకి తడి ఇంకా ఆరలేదు. కొడుకుతో కలిసి చెన్నైలో బిల్డింగు పనికి పోయాడని మధ్యాహ్నానికి తెలిసింది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. లెక్కలు చూసే ఆయన పుస్తకం తిరగేసి, 'పోతే పోయాడు లెండి మాస్టారూ, ఆ నాలుగు నెలలదీ మిగిలింది' అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మీరు నన్ను అడగవచ్చు, అప్పుడు ఆ పద్యం గుర్తు రాలేదా అని. రాలేదు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నాక్కూడా మిగిలిందనే అనిపించింది. కొత్తగా పెట్టిన కుర్రాడు మంచివాడే గానీ పల్లం తెలియదు, మెరక తెలియదు, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల వైపు నీళ్లు తిప్పేవాడు. వరి పొట్ట మీదుండగా శివారున ఉన్న పదెకరాలు ఎండిపోయాయి, అందులో రెండెకరాలు మావే. అప్పుడు గుర్తొచ్చింది పద్యం, నక్క ఎవరా అని చుట్టూ చూస్తే లెక్కలాయన ఒక్కడే కాదు, నేనూ కనబడ్డాను నాకు.

ఈ జీతం సంగతిలోనే సుమతీ శతకం కూడా చూడండి. బద్దెన రాశాడని చెప్పే ఈ శతకం మనం ఆరో క్లాసులో కంఠతా పట్టి అక్కడే వదిలేస్తాం. 'అడిగిన జీతంబియ్యని మిడిమేలపు దొర' పద్యం అందరికీ వచ్చు. అలాంటి దొర దగ్గర మిడుకుతూ పడి ఉండటం కంటే, వడిగల ఎద్దుల్ని కట్టుకుని మడి దున్నుకుని బతకవచ్చు అంటాడు. దీన్ని మనం దొరకి బుద్ధి చెప్పే పద్యం అనుకుంటాం. నిజానికి అది దొరతో మాట్లాడటమే లేదు! కొలువు చేసేవాడితో, 'లేచి వెళ్లిపో నాయనా' అని చెబుతోంది. దొర వింటే వినవచ్చు, అతని ఖర్మ. అందుకే జీతం సంగతి ఆ కాలం పుస్తకాల్లో అన్నిచోట్లా వస్తుంది. భారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజుని అడిగే ప్రశ్నల్లోనూ ఉంది, సైన్యానికి తిండీ జీతమూ వేళకి అందుతున్నాయా అని.

ఇక రేవులు. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు, దాన్ని అభయ శాసనం అంటారు. అందులో నాకు నచ్చేది, తన ముందువాళ్లు చేసిన తప్పు ముందే ఒప్పుకోవడం. తుఫానులో చిక్కి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, దాంట్లో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాత రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి సాహసించి వచ్చినవాళ్లు వీళ్లు, వీళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని రాయించాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి. ఎంతైనా వసూలు చేయగలిగినవాడు ఇంతకంటే తీసుకోనని రాతి మీద చెక్కించి, నలుగురూ చదివేచోట నిలబెట్టాడు. దయ అని శాసనంలో ఉంది, దయే కావచ్చు, కానీ తీరం పొడవునా ఇంకా రేవులున్నాయి, ఓడవాడు తెరచాప తిప్పితే చాలు. నూరేళ్లు దాటాక 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ వర్తకులకి మాటిచ్చాడు. వచ్చి స్థిరపడితే భూమి ఇస్తాం, వెళ్లిపోవాలనుకుంటే ఆపం అని. ఈ రెండో మాట దగ్గర ఆగండి. పోయేవాణ్ణి ఆపను అని ముందే చెప్పినవాడి ఊళ్లోకే జనం ధైర్యంగా వస్తారు. రాయలు కూడా రేవుల గురించి ఇదే ధోరణిలో చెబుతాడు. జబ్బుపడో, అలిసో, తుఫాను దెబ్బకో ఒడ్డు చేరిన పరదేశి ఓడవాళ్లని వాళ్ల వాళ్ల పద్ధతుల్లో ఆదరించమంటాడు. ఏనుగులూ మంచి గుర్రాలూ తెచ్చే దూరదేశపు వర్తకులకి రోజూ దర్శనం ఇచ్చి, మంచి ధర ఇచ్చి దగ్గర పెట్టుకో, లేకపోతే ఆ గుర్రాలు శత్రువు లాయంలో ఉంటాయి అంటాడు.

మీ కమిటీ వాళ్లని ఒకసారి ముఖలింగం తీసుకెళ్లండి. మీకు దగ్గరే. తూర్పు గంగుల పాత రాజధాని కళింగనగరం అదేనంటారు, మధుకేశ్వరాలయంలో గోడల మీదా స్తంభాల మీదా శాసనాలు కిక్కిరిసి ఉంటాయి. చెయ్యి తగిలి తగిలి కొన్ని అక్షరాలు నున్నగా అరిగిపోయాయి, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మాత్రం బాగా లేచి కనబడతాయి. ఆ కాలపు భూదాన శాసనాలు ఎక్కడ చూసినా చివర్లో ఒక శాపం మామూలుగా ఉంటుంది. 'స్వదత్తాం పరదత్తాం వా' అని మొదలవుతుంది. తానిచ్చినదైనా, ఇంకొకరిచ్చినదైనా, ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. పిల్లలు ఆ పురుగు దగ్గర పకపకా నవ్వేవాళ్లు. నేను మొదటి మాట దగ్గర ఆపేవాణ్ణి, స్వదత్తాం, తానిచ్చినదైనా. శాసనం వేయించే రాజు తన తిట్టు తనకే తగిలేలా రాయించుకుంటున్నాడు. దీనికి జతగా వచ్చే ఇంకో శ్లోకం మీకు మరీ అవసరం. తానిచ్చినదాన్ని కాపాడటం కంటే పరులిచ్చినదాన్ని కాపాడటం రెట్టింపు పుణ్యం అని. మన దగ్గర కొత్త కమిటీ రాగానే చేసే మొదటి పని ఏమిటో మీకు తెలుసు, పాత కమిటీ వేసిన వంతుల పట్టీ చింపేయడం. మీరూ అదే చేశారని ప్రశ్నలో మధ్యలో ఒక లైనులో రాశారు, పెద్దగా పట్టించుకోకుండా. పెద్దవాళ్లు మాట వినకపోవడానికి అది ఒక కారణం అయి ఉండొచ్చు, ఆలోచించండి. ఆ పట్టీ తప్పులతడకే కావచ్చు, కానీ దాన్ని నమ్ముకుని వాళ్లు పాతికేళ్లు నారు పోసుకున్నారు.

మన గజపతుల సంగతి క్లుప్తంగా. 1435 ప్రాంతంలో గంగరాజు దక్షిణాన దండయాత్రలో ఉండగా ఆయన కొలువులోని కపిలేంద్రుడు గద్దె ఎక్కేశాడు. అలా ఎక్కినవాడికి జనాన్ని నిలుపుకోవాల్సిన పని ఇంకా ఎక్కువ కదా. పూరీ జగన్నాథాలయంలో ఆయన శాసనాలున్నాయి, ఉప్పు మీదా గవ్వల మీదా పన్ను ఎత్తేస్తున్నానని, దీన్ని కాదన్నవాడు జగన్నాథుడికే ద్రోహి అని. ఉప్పు పేదవాడు కూడా కొనేది, గవ్వ పేదవాడి చేతిలో ఆడే చిల్లర. సరిగ్గా అక్కడ చెయ్యి వేశాడు. రథయాత్రలో రాజు బంగారు చీపురుతో రథం ఊడ్చే ఛెరా పహరా గురించీ, ఊడ్చేవాడికి పిల్లనివ్వనన్న కంచిరాజు కథ గురించీ మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో అమ్మమ్మ బాగా చెబుతుంది. నాకు ఆ చీపురు కంటే ఈ ఉప్పు పన్నే ఎక్కువ పనికొచ్చేలా కనిపిస్తుంది. ఏడాదికి ఒకసారి ఊడవడం తేలిక.

గెడ్డ గొడవకి వస్తాను, మీరు దీన్ని చివర్న అడిగారు గానీ అసలు ప్రమాదం ఇక్కడుంది. మన్నెం జనం గురించి రాయలు ఒక పోలిక చెప్పాడు. వాళ్లలో తప్పులు కడిగేద్దామనుకోవడం మట్టిగోడ కడిగినట్టు, ఎంత కడిగినా మట్టే వస్తుంది, అంతు ఉండదు అని. ఈ పోలిక నాకు ఒళ్లు మంటగా ఉంటుంది, దాచుకోను. సవర ఇళ్లలో ఆ మట్టిగోడ మీదే ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండితో మనుషుల్నీ జంతువుల్నీ చెట్లనీ గీసి దేవతల్ని నిలుపుకుంటారు, ఇడితాల్ అంటారు దాన్ని. రాయలు గోడని చూశాడు, బొమ్మని చూడలేదు. కానీ ఆ తర్వాత ఆయన చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. కోపగించుకుంటే వాళ్లని నువ్వేమీ చెయ్యలేవు, మాటిచ్చి నిలబెట్టుకుంటే నీ కోసం ఏమైనా చేస్తారు, చిన్న తప్పులకి పెద్ద దండన వెయ్యకు అంటాడు. వాళ్లు కొండెక్కిపోగలరు, నీ సైన్యం ఎక్కలేదు. మళ్లీ అదే లెక్క.

దీనికి రాయల కంటే మంచి ఉదాహరణ మన పర్లాకిమిడిలోనే ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడి బడిలో పాఠాలు చెబుతూ, సవరలు వచ్చి తెలుగు నేర్చుకునే దాకా ఆగకుండా తానే సవర నేర్చుకున్నారు, వాళ్లకి వాళ్ల మాటలో వాచకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. వాడుక భాష కోసం ఆయన పోరాడటానికి బలం అక్కడినుంచే వచ్చిందని నేను నమ్ముతాను. మీరు కొండ ఊరికి పోలీసు కాగితం పంపాలనుకుంటున్నారు కదా, దాన్ని జేబులోనే ఉంచండి. ముందు ఒక్కరే పైకి వెళ్లండి, సవర వచ్చిన ఒక మనిషిని తోడు తీసుకుని. ఆ కట్ట ఎందుకు వేసుకున్నారో అక్కడ కూర్చుని అడగండి. వాళ్ల కింద కంది ఉందో, రాగి ఉందో, ఎన్నాళ్లు నీళ్లు కావాలో తెలుస్తుంది. చెయ్యగలిగినదే ఒప్పుకోండి, ఎక్కువ మాటివ్వకండి. పదిలో ఆరు ఇస్తానని చెప్పి ఆరూ ఇచ్చినవాడి మాట అక్కడ పదేళ్లు చెల్లుతుంది.

ఇక ఈ పుస్తకాల్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదని కూడా చెప్పాలి. కోటలు బ్రాహ్మణుల చేతిలో పెట్టమన్న రాయల సలహా ఆ కాలం రాజకీయం, మీ చెరువుకి దాంతో పని లేదు. చంపే శిక్ష పడ్డవాడికి మూడుసార్లు మొర పెట్టుకునే అవకాశం ఇవ్వమని చెప్పి, ఆ వెంటనే ప్రమాదకరమైనవాడైతే ఆగకుండా చంపించమంటాడు. నీతి చెప్పినవాళ్లు పాటించారా అంటే అదీ అంతంతే. ఒకణ్ణి ఎత్తి దించకు అని రాసిన రాయలే, కొడుకు చచ్చిపోయాక విషం పెట్టారన్న అనుమానంతో తిమ్మరుసుని ఖైదు చేసి కళ్లు తీయించాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. 'వినదగు నెవ్వరు చెప్పిన' పద్యం ఆ కొలువులో ఎవరికీ గుర్తు రాలేదేమో. ఇటు ప్రతాపరుద్రుడు 1540లో పోయాక ఆయన కొడుకుల్ని మంత్రి గోవింద విద్యాధరుడే చంపించి గద్దె ఎక్కాడు, కపిలేంద్రుడి వంశం అక్కడితో సరి. వెళ్లిపోయే జనం గురించి అంత ఆలోచించిన నీతికారులు, వెళ్లకుండా పక్కనే కూర్చున్నవాడి దగ్గర బోల్తా పడ్డారు. రైతు విసిగితే బండి కడతాడు. కొలువులోవాడు విసిగినా లేవడు, లేపేస్తాడు.

కుర్రాళ్లు మీటింగుకి రావడం లేదన్నారు. వాళ్లని మీరు సోమరులన్నారు, నాకు ఆ మాట నచ్చలేదు. మన వైపు కుర్రాళ్లు ఎప్పుడు చూసినా సూరత్‌కో చెన్నైకో హైదరాబాద్‌కో రైలెక్కడానికి సిద్ధంగా ఉంటారు, వాళ్లు మీటింగుకి రాకపోవడం ఆ ప్రయాణంలో మొదటి స్టేషన్. కేకలేస్తే రైలు ఇంకా ముందు ఎక్కుతారు. వాళ్లలో శివారు పొలాల ఇళ్లవాళ్లు ఎంతమందో లెక్క చూడండి. సగం కంటే ఎక్కువ తేలితే నేనేమీ ఆశ్చర్యపోను, నీళ్లు రాని పొలానికి నీళ్ల మీటింగెందుకు?

ఏం చెయ్యాలో చెప్పండి మాస్టారూ అంటారు మీరు, తెలుసు. సభాపర్వంలో నారదుడు ధర్మరాజుకి ఉపదేశం ఇవ్వలేదు, ప్రశ్నలే అడిగాడు, ఒకదాని వెంట ఒకటి ఊపిరాడకుండా. వ్యవసాయం వాన మీదే ఆధారపడకుండా చెరువులు నిండి ఉన్నాయా, రైతుకి విత్తనాలకీ తిండికీ కరువు లేదు కదా, ఇలాగ. నన్నయ తెలుగు చేసినప్పుడు అక్కడే 'వార్తయంద జగము వర్తిల్లుచున్నది' అన్న పద్యం వస్తుంది. పత్రికలవాళ్లు దాన్ని న్యూస్ అనుకుని గోడల మీద రాసుకుంటారు గానీ అక్కడ వార్త అంటే సేద్యం, పశుపోషణ, వర్తకం. అవి లేనినాడు జనం చీకట్లో మునిగిపోతారు, కాబట్టి పాలించేవాడు వాటిని చక్కగా నడపాలి అని. నారదుడి పద్ధతి మీరూ పెట్టుకోండి. వచ్చే మీటింగులో మీరు ఒక్క తీర్మానం కూడా చెప్పకండి, ప్రశ్నలే అడగండి. పోయినేడు ఏ మడికి నీళ్లు అందలేదు, గట్టు పనికి వచ్చి కూలి అందనివాళ్లు ఎవరు, ఈ మూడేళ్లలో పొలం కౌలుకిచ్చి ఊరొదిలినవాళ్లు ఎవరు. ఆ చివరి ప్రశ్న దగ్గర మీ కమిటీలో ఎవరైనా 'పోతే మనకే మంచిది' అంటే ఆ గొంతు గుర్తుపెట్టుకోండి. గొడవ మాత్రం పెట్టుకోకండి, లెక్కల పుస్తకం వాళ్ల దగ్గర ఉంటే మెల్లగా ఇంకొకరి దగ్గరికి మార్చండి.

పుస్తకాలు అడిగారు కాబట్టి: సుమతీ శతకం మళ్లీ ఒకసారి పెద్దవాడిలా చదవండి, గంట పని. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం రాజనీతి భాగం మాత్రం వేదం వెంకటరాయశాస్త్రి గారి వ్యాఖ్య పక్కన పెట్టుకుని చదవండి, మూలం ఒక్కటే అయితే పాకం గట్టిది, పళ్లు విరుగుతాయి. తీరిక దొరికితే మడికి సింగన సకలనీతిసమ్మతం. 15వ శతాబ్దంలో ఆయన పాత నీతి గ్రంథాలన్నిట్లోంచి ఏరి కూర్చాడు, వాటిలో కొన్ని ఈ రోజు ఆయన ఏరిన పద్యాల్లోనే మిగిలాయి.

మా నీళ్లాయన సంగతి చెప్పి సగంలో వదిలేశాను. మరుసటి ఏడు సంక్రాంతికి ఊరొచ్చాడు. నాలుగు నెలల జీతం కవరులో పెట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. ఎంచకుండా తీసి చూరులో దోపాడు, టీ ఇప్పించాడు. మళ్లీ రమ్మని అడిగితే రానన్నాడు, అక్కడ వారం వారం ఇస్తున్నారట. కానీ కొత్త కుర్రాణ్ణి పంపండి, పండగ మూడు రోజులూ మడి మడికీ తిప్పి చూపిస్తాను అన్నాడు. చూపించాడు. వాళ్లిద్దరి వెనకాల నేను నోటుబుక్కు పట్టుకుని తిరిగి, ఏ మడికి ఎంతసేపో రాసుకున్నాను. మా సంఘంలో ఇప్పటికీ వంతులు నడిచేది ఆ నోటుబుక్కు మీదే.

మీ ప్రశ్నలో ఊరు ఉంది, చెరువు ఉంది, కమిటీ ఉంది, గెడ్డ ఉంది. మదుము ఎత్తే మనిషి ఎవరో మాత్రం ఎక్కడా లేదు. ఆయనకి ఎన్ని నెలల జీతం బాకీ ఉంది, తాళంచెవి ఇప్పుడెవరి దగ్గరుంది? అది రాయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.